అమ్మాసి, ఆరో టేబుల్

మింట్ వీధిలోంచి చీలిన ఒక సన్నని సందులో, బెల్లం గోదాముకూ పెళ్లిపత్రికల కొట్టుకూ మధ్య, ఆ భోజన హోటలు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల లైట్లు వెయ్యాల్సిందే. ఎండ రోజూ ఆ సందులోకి దిగాలని చూస్తుంది, మేడల మీద ఆరేసిన చీరల దగ్గరే అలిసిపోయి ఆగిపోతుంది. కందిపొడి మీద కరిగే నెయ్యి వాసన మాత్రం సందు దాటి వెళ్లి, దారినపోయే మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంది.

కామేశం అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా ఉన్నాడు. సర్వరుగా చేరి సూపర్‌వైజరయ్యాడు. వాషర్‌మెన్‌పేట్‌లో ముత్తాత కట్టించిన ఇంట్లోనే ఇప్పటికీ కాపురం. జుట్టు నెరిసింది. నడకలో చప్పుడు పోయింది. టేబుళ్ల మధ్య అతను తిరుగుతుంటే గాలి ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగినట్టుంటుంది.

కొత్తగా ఎవరు పనిలో చేరినా యజమాని శంకరనారాయణ మొదట కామేశం దగ్గరికే పంపేవాడు. "వడ్డించేది ఎవురన్నా నేర్పిస్తారు. పురుగొస్తే ఏం జెయ్యాల్నో కామేశం నేర్పియ్యాల" అనేవాడు.

ఆ కట్టడం వయసు నూరేళ్ల పైమాట. నేల కింద ఎప్పటివో కాలవలు. పక్కనే బెల్లం. నెలకోసారి మందు కొట్టించినా, ఎంత కడిగినా, ఏదో ఒక బొద్దింక ఏదో ఒక గోడ పగుల్లోంచి మీసాలు ఆడిస్తూ వస్తుంది. అది కస్టమరు కంటపడేలోగా మాయం కావాలి. కామేశం గొప్పతనం అక్కడే.

"అరవద్దు," అని మొదలుపెట్టేవాడు. "ఎగరద్దు. కాలితో తొక్కద్దు. ఆ చప్పుడు ఉండాది చూడు, పురుగు కంటే అసింగం, రోత అది. గుడ్డ ఇసిరి కొట్టద్దు, అది లేచిపోయి పక్కాయన రసంలో పడతాది. పురుగుపక్క చూడనే చూడద్దు. నువ్వు ఏడ చూస్తే కస్టమరు ఆడ చూస్తాడు. తడిగుడ్డ తీసుకో, టేబులు తుడిచేవాడి మాదిరి పో. కప్పు. మడువు. పిడికిలి బిగించు. నగుకుంటా ఎనక్కి వచ్చేయ్."

చివర్న గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవాడు. "హాల్లో దాని పేరు ఎత్తద్దు. 'అమ్మాసి' అను. టేబులు నంబరు చెప్పు. అంతే."

కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. అదేదో పాత అరవ మాట అనుకునేవాళ్లు. అమ్మాసి ఒక మనిషి పేరని వాళ్లెవరికీ తెలియదు.

అమ్మాసి ఆ హోటల్లో ఇరవై రెండేళ్లు టేబుళ్లు తుడిచాడు. తిరువొత్తియూరు నుంచి పొద్దున మొదటి రైలెక్కి వచ్చేవాడు. వెనక తలుపులోంచి లోపలికి వచ్చేవాడు, వెనక తలుపులోంచే పోయేవాడు. తమిళంలో పుట్టిన మనిషి, ఆ హాల్లో వినీ వినీ తెలుగు నేర్చుకున్నాడు. కప్పడం, మడవడం, పిడికిలి బిగించడం, అదంతా అతని చేతి విద్య. కామేశం అతన్ని చూసి నేర్చుకున్నాడు, తర్వాత తనదని చెప్పుకున్నాడు. ఎక్కడ పురుగు కనిపించినా సర్వర్లు "అమ్మాసీ, ఆరో టేబుల్!" అని పిలిచేవాళ్లు. అతను వచ్చేవాడు, నీడ మీద చెయ్యి పెట్టినంత మెత్తగా గుడ్డ కప్పి, తీసుకుపోయేవాడు.

ఒకరోజు అమ్మాసి సెలవు పెట్టాడు. నిండు హాలు. గోడ మీద నల్లగా, నిగనిగలాడుతూ ఒకటి కిందికి దిగుతోంది. కామేశం పక్కనున్న సర్వరుతో, "సెలవన్నాడే, చూడు, గోడమీంద వస్తా ఉండాడు మన అమ్మాసి" అన్నాడు.

వంటింట్లో నవ్వుల పంట పండింది. గరిటె పట్టుకున్న వంటమనిషి నవ్వలేక కూలబడ్డాడు. కామేశానికి ఆ సాయంత్రమంతా ఒళ్లు తేలికగా ఉంది. ఇంటికెళ్లి భార్య హైమకు చెబితే ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట అలా ఉండిపోయింది. ఎనిమిదేళ్ల కిందట మోకాళ్లు పట్టేసి అమ్మాసి పని మానుకున్నాడు. మనిషి వెళ్లిపోయాడు, ఆ రోజు నవ్వినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు, పేరు పురుగుకు మిగిలింది.

మొన్నటి శనివారం మధ్యాహ్నం కామేశం ఫోన్ మోగింది.

"సామీ, నేను అమ్మాసిని. బాగుండారా? రేపు మా పాపను పిల్చుకోని వస్తా ఉండా. మా కూతురి బిడ్డ. హోటలు చదువు చదివింది, సముద్రం పక్కన పెద్ద హోటల్లో ఉద్యోగం దొరికింది. తాతా నీకేం కావాల అని అడిగింది. మా హోటల్లో కూర్చోని ఆకేసుకోని తినల్ల అంటిని."

"రా రా, తప్పకుండా రా" అన్నాడు కామేశం. ఫోన్ పెట్టేసి గోడల వైపు చూశాడు.

ఆ రోజే పురుగుల మందు కొట్టేవాళ్లు వచ్చి వెళ్లారు. మందు కొట్టిన మర్నాడు ఎలా ఉంటుందో హోటలు పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. దాక్కున్నవన్నీ మత్తెక్కి, దారి తప్పి, పట్టపగలే తూలుతూ బయటికొస్తాయి. ఆదివారం పిలుపులు ఎక్కువుంటాయి. ప్రతి పిలుపులోనూ ఆ పేరుంటుంది.

ఆదివారం పొద్దున పనివాళ్లందరినీ కూడేశాడు. "ఈ దినం ఆ మాట వద్దు. 'చెంబు' అని పిలుద్దాం. చెంబు, నాలుగో టేబుల్. ఏం?"

నిరంజన్ అనే సర్వరు తల గోక్కున్నాడు. విజయనగరం నుంచి వచ్చి రెండేళ్లయింది. మంచి గొంతు, మంచి వేగం. "ఎందుకండి గురువుగారూ? అమ్మాసి బాగానే ఉంది కదేటి?"

చెప్పాలి. అది ఒక మనిషి పేరు, ఆయన ఇవాళ వస్తున్నాడు, నేనే ఆ పేరు పెట్టాను అని చెప్పాలి. మూడు ముక్కలు. నాలిక చివరికొచ్చాయి. ఎదురుగా ఏడు ముఖాలు, అందరికీ తను గురువు.

"ఊరికే. మార్పు" అన్నాడు.

"చెంబంట" అని నిరంజన్ పక్కవాడి భుజం తట్టి నవ్వాడు.

పన్నెండున్నరకు వాళ్లొచ్చారు. అమ్మాసి తెల్లచొక్కా మడతలు విడవలేదు. భుజాన ఉతికిన తువ్వాలు. ముందు గుమ్మం దగ్గర ఆగిపోయి, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు కిందికి చూశాడు. ఇరవై రెండేళ్లు తుడిచిన హాలే, ఇటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. పక్కన సన్నగా, పొడుగ్గా మనవరాలు అక్షయ, తాత మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"రా అమ్మాసీ, రా!" అన్నాడు కామేశం సంతోషంగా.

అన్నాడో లేదో, అటు మూల నుంచి ఒక సర్వరు తడిగుడ్డ అందుకుని పరుగున వచ్చాడు. కళ్లు నేల మీద వెతుకుతున్నాయి. కామేశం చేత్తో వద్దని సైగ చేశాడు. వాడు అయోమయంగా వెనక్కి తగ్గాడు. అమ్మాసి ఆ తడిగుడ్డ వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు.

కామేశానికి అప్పుడు తట్టింది. ఈ హాల్లో ఈ మనిషిని పేరుపెట్టి పిలిచే వీలు కూడా లేకుండా చేసింది తను.

అయిదో టేబులు దగ్గర కూర్చోబెట్టి తనే ఆకులు వేశాడు, తనే నీళ్లు చల్లాడు. అమ్మాసి కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరో లెమ్మంటారన్నట్టు. కాసేపటికి వెనక్కి వాలాడు. అరచేత్తో టేబులు అంచు తడిమాడు.

"ఈడ ఒక గీత ఉంటాది పాపా, చూడు. నేను వచ్చిన కొత్తలో పడింది. దీంట్లో పప్పు ఇరుక్కుంటే పుల్లతో తీస్తాంటిని."

"తాతా, చెయ్యి కడుక్కొని తిను, గీత తర్వాత చూపిద్దువు" అంది అక్షయ. తాత ఈ హోటల్లో తెలుగే మాట్లాడతాడని తనూ తెలుగులోనే మాట్లాడుతోంది, మధ్యలో తమిళం దొర్లుతోంది.

పప్పు, నెయ్యి, గోంగూర. ఆదివారమని బొబ్బట్లు. అమ్మాసి మెల్లగా, ప్రతి ముద్దకూ కళ్లు మూసుకుని తింటున్నాడు. కామేశం ఆ టేబుల్ని వదిలి కదలలేదు. గోడలు చూస్తున్నాడు, నేల చూస్తున్నాడు, పురుగుపక్క చూడకూడదని తనే నేర్పిన సంగతి మరిచిపోయి. రెండుసార్లు 'చెంబు' అని వినిపించింది. రెండుసార్లూ ఊపిరి తీసుకున్నాడు.

మూడోసారి నిరంజన్ రెండు చేతుల్లో సాంబారు బకెట్లతో వస్తున్నాడు. ఆరో టేబులు మీద, పచ్చడి గిన్నె పక్కన, ఒకటి వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తోంది. ఎదురుగా కూర్చున్న దంపతులు ఫోన్లో ఏదో చూసుకుంటున్నారు. కారణం చెప్పని మాటకు బరువెక్కడిది? తొందరలో నాలిక పాత దారే పట్టింది.

"అమ్మాసి, ఆరో టేబుల్!"

మంచి గొంతు. హాలంతా వినపడింది.

కామేశం గబుక్కున అయిదో టేబులు వైపు తిరిగాడు.

"వస్తి!" అన్నాడు అమ్మాసి.

ఎడమచేత్తో భుజం మీది తువ్వాలు లాగి లేచాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. రెండడుగులు. తువ్వాలు టేబులు మీద వాలింది, ఒక మడత, ఒక పిడికిలి. "ఏమీలేదు సార్, నీళ్లు ఒలికినాయి" అన్నాడు ఆ దంపతులతో నవ్వుతూ. వాళ్లు ఫోన్లోంచి తలెత్తలేదు. వెనక గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కుని తిరిగొచ్చాడు.

"చూసినావా పాపా? ఎనిమిదేండ్లు ఆయె. నా పేరు ఇంకా మరిచిపోలా ఈడ" అన్నాడు కూర్చుంటూ. కుడిచేతికి అంటిన అన్నం సబ్బుతో పోయింది. మళ్లీ కలుపుకున్నాడు.

నిరంజన్ బకెట్లు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. "తాతగారూ, మీరెందుకు లేచారండి? మేం చూసుకుంటాం కదా."

"నన్నే గదా పిలిస్తివి. నేనే అమ్మాసి."

నిరంజన్ నోరు తెరిచాడు. అమ్మాసి వైపు, కామేశం వైపు చూశాడు. "అమ్మాసంటే... మనిషి పేరేటండి?"

అక్షయ చెయ్యి ఆకు మీద ఆగింది.

"ఇంకో అమ్మాసి ఉండాడు," అన్నాడు కామేశం. "కొత్తగా చేరినాడు. లోపల ఉంటాడు. నిరంజన్, నువ్వు పో, సాంబారు సల్లారిపోతా ఉంది."

"ఓ. ఇంకో అమ్మాసా?" అన్నాడు అమ్మాసి. "సరి సరి. ఒక ఓటల్లో ఇద్దరు అమ్మాసులు!" నవ్వాడు. తర్వాత ఏమీ అడగకుండా పెరుగన్నం తిన్నాడు.

చేతులు కడిగే తొట్టి దగ్గర అక్షయ ఒక్కతే ఉన్నప్పుడు కామేశం తువ్వాలు అందించాడు. ఆమె అందుకుని తీరిగ్గా ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"మాకు ట్రైనింగ్‌లో చెప్పినారు అంకుల్. గెస్టుల ముందర పురుగు పేరు చెప్పకూడదు, ప్రతి హోటల్లో ఒక కోడ్ వర్డ్ ఉంటుంది అని." అద్దంలోంచి అతన్ని చూసింది. "మేము 'జాస్మిన్' అంటాం. ఈడ ఏమంటారు?"

కుళాయిలోంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. కామేశం ఆ చుక్కలు లెక్కపెడుతున్నవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె కొంతసేపు చూసింది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సందు చివర దాకా కామేశం వాళ్లతో నడిచాడు. అక్షయ ఆటో పిలవడానికి ముందుకు పోయింది. అమ్మాసి ఆకుముక్కలో చుట్టిన బొబ్బట్టు ఒకటి తీసి అతనికిచ్చాడు.

"ఇంకో అమ్మాసికి ఈయండి సామీ."

"మీరు..." అన్నాడు కామేశం. అంతవరకే వచ్చింది.

"ఏంది సామీ కొత్తగా మీరంటారు? భయమేస్తా ఉంది." అమ్మాసి అటు ఆటో దగ్గరున్న మనవరాల్ని చూసి గొంతు తగ్గించాడు. "నేనుండంగానే అంటాంటిరి కదా. నాకు తెలీదా? పురుగును పిలిచినా, నన్ను పిలిచినా, వచ్చేది నేనే గదా అని ఊరకుంటిని. ఈ దినం పాప ఉండాది. దానికి తెలీకూడదని లేస్తిని. గుడ్డ కప్పితిని, అంతే. మన పని అదే గదా."

ఆ పిల్లకు తెలిసిపోయిందని కామేశం చెప్పలేకపోయాడు. తాత మనవరాలికి తెలియకూడదనుకున్నాడు, మనవరాలు తాత ముందు నోరు విప్పలేదు. ఒకరికోసం ఒకరు కప్పుకుంటూ ఇద్దరూ ఆటో ఎక్కారు. కప్పేందుకు ఎవరూ లేక సందులో నిలబడిపోయాడు కామేశం, చేతిలో వెచ్చటి ఆకు పొట్లంతో.

సాయంత్రం ఇంట్లో హైమకు చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపింది. "ఆ దినం నేనూ నగితిని కదండీ" అంది.

అతన్ని ఇంకోటి కొరుకుతోంది. అమావాస్యనాడు పుట్టిన బిడ్డకు పెట్టే పేరది. తమ వీధిలో ఎవరూ పెట్టుకోరు. ఏ గుడిసెల్లో పెడతారో అందరికీ తెలుసు. ఆ నవ్వు పుట్టింది అందులోంచే. ఆ తుడిచే మనిషి పేరు యజమాని పేరులా శంకరనారాయణ అయ్యుంటే, గోడ మీది పురుగును చూసి తను ఆ మాట అనేవాడా? అని ఉంటే ఎవరైనా నవ్వేవాళ్లా?

సోమవారం పొద్దున మళ్లీ అందరినీ కూడేశాడు. టేబులు మీద ఆకు పొట్లం పెట్టాడు. ఆకు వాడి నల్లబడింది.

"నిన్న వచ్చినాయన అమ్మాసి. ఇరవై రెండేండ్లు ఈ టేబుళ్లు తుడిచినాడు. కప్పు, మడువు అని నేను మీకు నేర్పించేదంతా ఆయనది. పురుగుకు ఆయన పేరు పెట్టింది నేను. నగేదానికి." పొట్లాన్ని వేలితో ముందుకు జరిపాడు. "ఇది అమ్మాసికి ఇమ్మని ఇచ్చిపోయినాడు. ఎవురికి ఇయ్యాల? చెప్పండి."

నిరంజన్ తన పాదాలు చూసుకుంటున్నాడు. "నాకు తెలీదండి గురువుగారూ" అన్నాడు మెల్లగా. "తెలిస్తే ఆ మాట నా నోట వచ్చేదే కాదు."

"నీ తప్పు కాదు. చెప్పకపోయింది నేను."

కామేశం పొట్లం విప్పాడు. బొబ్బట్టు అంచులు గట్టిపడ్డాయి. వాళ్లందరి ముందూ తిన్నాడు. నిరంజన్ నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. అతను గ్లాసు ముట్టకుండా చివరి ముక్క దాకా నమిలాడు.

"ఇంక ఏమని పిలవాలండి? చెంబేనా?" అని ఎవరో అడిగారు.

"ఏమీ వద్దు. నేను చూపిస్తా" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం. పట్టుచీరలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆరో టేబులు దగ్గర కూర్చున్నారు. సంచులు పక్క కుర్చీలో పెట్టారు. రసం గ్లాసు వెనకనుంచి రెండు సన్నని మీసాలు పైకి లేచాయి. నిరంజన్ చూశాడు. నోరు తెరిచి, ఏ మాట అనాలో తెలియక కామేశం వైపు చూశాడు.

కామేశం తడిగుడ్డ తీసుకుని వెళ్లాడు. కప్పాడు. మడిచాడు. పిడికిలి బిగించాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ తర్వాత నవ్వుతూ వెనక్కి వచ్చేవాడు. ఈసారి కదల్లేదు.

"బొద్దింకమ్మా" అన్నాడు.

ఇద్దరూ చేతులు వెనక్కి లాక్కున్నారు. పెద్దావిడ ముఖం ముడుచుకుపోయింది. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు. కౌంటరు దగ్గర శంకరనారాయణ లేచి నిలబడ్డాడు.

"తప్పు మాది. పాత కట్టడం, మందు కొట్టిస్తానే ఉండాము, అయినా వస్తా ఉండాయి. ఈ ఆకులు తీసేస్తాం. అటుపక్క కూర్చోండి, మళ్లీ మొదట్నుంచి వడ్డిస్తాం. వద్దనుకుంటే పోవచ్చును. డబ్బులు వద్దు."

చిన్నావిడ లేచి సంచులు తీసుకుంది. పెద్దావిడ కామేశం ముఖంలోకి చూసింది, కిందికి అతని పిడికిలి వైపు చూసింది. ఏమనుకుందో, "ఆ మూల టేబులుకు మార్చండి" అంది. కోపం తగ్గలేదు. మాటలో తెలుస్తూనే ఉంది.

కామేశం వెనక గుమ్మం వైపు నడిచాడు. గుడ్డ మడతల్లో అది ఇంకా కదులుతోంది. శంకరనారాయణ కౌంటరు దాటి వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఏం కామేశం, మతిపోయిందా? నిండు హాల్లో అంత గట్టిగా దాని పేరు చెప్తివే?"

"దాని పేరు అదే గదండీ" అన్నాడు కామేశం.